మాజీ సైనికుల కాలేజీ ఫీజు వెనుక ఎడిత్ నర్స్ రోజర్స్: అమెరికా ‘జీఐ బిల్లు’ ఎలా పుట్టింది, ఇప్పుడు ఎవరికి ఎంత ఇస్తుంది?

అమెరికా సైన్యంలో కొన్నేళ్లు పనిచేసి బయటకు వచ్చి, ప్రభుత్వ సాయంతో ఇంజినీరింగ్ చదువుతున్న విద్యార్థిని ఊహించుకోండి. డిగ్రీ పూర్తవడానికి ఇంకా రెండు, మూడు సెమిస్టర్లు ఉన్నాయి. సాయం మాత్రం అయిపోవస్తోంది. అలాంటివారి కోసం అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఒక దరఖాస్తు ఉంటుంది. ‘ఎడిత్ నర్స్ రోజర్స్ స్టెమ్ స్కాలర్‌షిప్’ అని దాని పేరు.

ఆ పేరు చూసి ఆమె నర్సు అనుకునేవారు చాలామందే ఉంటారు. నిజానికి నర్స్ అనేది ఆమె పుట్టింటివారి ఇంటిపేరు. ఆమె నర్సు కాదు, సైనికురాలూ కాదు. 35 ఏళ్లపాటు అమెరికా ప్రతినిధుల సభలో కూర్చున్న రాజకీయ నాయకురాలు. సైన్యం నుంచి తిరిగొచ్చినవారి కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే పద్ధతికి మూలమైన 1944 నాటి చట్టాన్ని ముందుండి నడిపించిన కొద్దిమందిలో ఆమె ఒకరు.

గ్రీన్ కార్డు ఉన్నవారు కూడా అమెరికా సైన్యంలో చేరొచ్చు. అందుకే అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ వివరాలు పనికొస్తాయి. స్టూడెంట్ వీసా, హెచ్1బీ మీద ఉన్నవారికి ప్రస్తుతం ఆ దారి లేదు. ముందు ఎడిత్ కథ చూద్దాం. ఇప్పుడున్న నిబంధనల్లో చాలావాటికి కారణం అందులోనే దొరుకుతుంది.

మిల్లు మేనేజర్ కూతురు

ఎడిత్ 1881 మార్చి 19న మెయిన్ రాష్ట్రంలోని సాకో పట్టణంలో పుట్టారు. తండ్రి ఫ్రాంక్లిన్ నర్స్ బట్టల మిల్లుల్లో పెద్ద హోదాలో పనిచేసేవారు. ఇంట్లో డబ్బుకు లోటు లేదు. పద్నాలుగేళ్ల వరకు ఇంటి దగ్గరే ట్యూటర్ చదువు చెప్పారు. ఆ తర్వాత మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో బోర్డింగ్ స్కూలు, అక్కడి నుంచి పారిస్ దగ్గర ఒక ఫినిషింగ్ స్కూలు. సంపన్నుల ఇళ్ల ఆడపిల్లలకు మర్యాదలు, భాషలు, సంగీతం నేర్పి పెళ్లికి సిద్ధం చేసే చదువు అది.

1907లో జాన్ జేకబ్ రోజర్స్ అనే లాయర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన 1912లో కాంగ్రెస్‌కు ఎన్నికవడంతో దంపతులు వాషింగ్టన్ చేరారు. అప్పటిదాకా ఎడిత్ జీవితంలో చెప్పుకోదగ్గ మలుపేమీ లేదు.

మలుపు మొదటి ప్రపంచ యుద్ధంతో వచ్చింది. 1917లో భర్తతో పాటు యూరప్ వెళ్లిన ఆమె లండన్‌లో వైఎంసీఏ తరఫున స్వచ్ఛందంగా పనిచేశారు. తిరిగొచ్చాక 1918 నుంచి 1922 వరకు వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో రెడ్ క్రాస్ వాలంటీరుగా ఉన్నారు. కాళ్లూ చేతులూ పోయినవాళ్లు, విషవాయువుతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లు ఉన్న వార్డులవి.

ఆ ఆసుపత్రుల్లో ఆమెకు రెండు విషయాలు అర్థమయ్యాయి. గాయం మానినంత మాత్రాన మనిషి మామూలు జీవితంలోకి వెళ్లిపోడన్నది ఒకటి. రెండోది కాస్త చిత్రమైనది. యుద్ధంలో పనిచేసిన వాళ్లందరూ కాగితం మీద సైనికులు కారు.

ఫ్రాన్స్‌లో సైన్యం కోసం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు నడిపిన అమెరికన్ యువతులనే తీసుకోండి. యూనిఫాం వేసుకున్నారు, సైనిక ఆదేశాల కింద పనిచేశారు. ఇంటికొచ్చాక మాత్రం వాళ్లు పౌర ఉద్యోగుల కిందే లెక్క అని ప్రభుత్వం తేల్చేసింది. వైద్యం లేదు, పింఛన్ లేదు. వాళ్లను మాజీ సైనికులుగా గుర్తించే చట్టం 1977లో గానీ రాలేదు. అప్పటికి వాళ్లలో చాలామంది బతికి లేరు.

ఏడాదికి ఒక్క డాలర్ జీతం

1922లో అధ్యక్షుడు హార్డింగ్ ఎడిత్‌ను సైనిక ఆసుపత్రుల తనిఖీకి తన ప్రతినిధిగా నియమించారు. జీతం ఏడాదికి ఒక్క డాలర్. తర్వాత వచ్చిన కూలిడ్జ్, హూవర్ కూడా ఆ బాధ్యతను ఆమెకే కొనసాగించారు.

1925 మార్చిలో భర్త చనిపోయారు. ఆయన సీటుకు ఉప ఎన్నిక వచ్చింది. మాజీ సైనికుల సంఘాలు, పార్టీ నాయకులు ఆమెను నిలబడమన్నారు. ఆ రోజుల్లో చనిపోయిన సభ్యుడి భార్యను ఏదో ఒక విడతకు సానుభూతితో గెలిపించడం మామూలే. ఎదురుగా నిలబడ్డది ఆ రాష్ట్ర మాజీ గవర్నర్. అయినా 72 శాతం ఓట్లతో ఆమే గెలిచారు. మసాచుసెట్స్ నుంచి కాంగ్రెస్‌కు వెళ్లిన తొలి మహిళ ఆమె. ఒక్క విడతతో ఇంటికి వెళతారనుకున్నవాళ్ల అంచనా తప్పింది. మొత్తం 18 సార్లు ఎన్నికయ్యారు.

మొదట్లో ఆమె పెట్టుకున్న పనులు పెద్ద హెడ్డింగులకు ఎక్కేవి కావు. 1926లో సైనిక నర్సులకు పింఛన్ ఇప్పించారు. 1930లో మాజీ సైనికుల ఆసుపత్రుల నిర్మాణానికి 1.5 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ప్రతిపాదించారు.

ఆమె ప్రతి ప్రయత్నమూ ఫలించలేదు. 1939లో నాజీ జర్మనీ నుంచి 20 వేల మంది పిల్లలను అమెరికాలోకి రానివ్వాలంటూ సెనేటర్ వాగ్నర్‌తో కలిసి బిల్లు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది యూదుల పిల్లలు. ఆ బిల్లు ఓటింగ్ దాకా కూడా రాలేదు. యుద్ధం తర్వాత కమ్యూనిస్టు వ్యతిరేకత హద్దు మీరిన కాలంలో ఆమె సెనేటర్ మెకార్తీ వర్గం వైపు మొగ్గారన్నది కూడా రికార్డులో ఉన్న మాటే.

‘సహాయక’ అనే ఒక్క మాట

రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా ఇంకా దిగకముందే, 1941 మేలో ఎడిత్ ఒక బిల్లు ప్రవేశపెట్టారు. మహిళలను సైన్యంలో క్లర్కులుగా, డ్రైవర్లుగా, ఆపరేటర్లుగా తీసుకోవాలన్నది దాని సారాంశం. మొదటి యుద్ధంలో టెలిఫోన్ ఆపరేటర్లకు జరిగింది మళ్లీ జరగకూడదన్నది ఆమె పట్టుదల. మహిళలకు పూర్తి సైనిక హోదా కావాలన్నారు.

సైన్యాధికారులు ఒప్పుకోలేదు. చివరికి రాజీ కుదిరింది. 1942 మేలో చట్టమైంది గానీ, అందులో మహిళల దళం పేరుకు ముందు సహాయక అనే మాట చేరింది. వాళ్లు సైన్యంతో పాటు ఉంటారు, సైన్యంలో మాత్రం ఉండరు. విదేశాలకు పంపినా మగవాళ్లతో సమానమైన జీతం రాదు. ప్రభుత్వ జీవిత బీమా లేదు. గాయపడితే మాజీ సైనికుల ఆసుపత్రిలో హక్కుగా వైద్యం లేదు.

ఎడిత్ ఆ రాజీతో సరిపెట్టుకోలేదు. నెలల వ్యవధిలోనే దాన్ని మార్చే బిల్లులతో మళ్లీ వచ్చారు. 1943 జులై 1న కొత్త చట్టం మీద సంతకం జరిగింది. సహాయక అనే మాట పోయి, ఆ దళం సైన్యంలో భాగమైంది. యుద్ధం ముగిసేలోగా దాదాపు లక్షన్నర మంది మహిళలు అందులో పనిచేశారు.

ఆ ఒక్క మాట తీసేయడం వల్ల ఏం ఒరిగిందో సరిగ్గా ఏడాదిలో తేలింది. 1944 జూన్‌లో మాజీ సైనికుల చదువుకు డబ్బిచ్చే చట్టం వచ్చినప్పుడు ఈ మహిళలకు కూడా అది వర్తించింది. అదే యుద్ధంలో సైనిక విమానాలు నడిపిన వెయ్యి మందికి పైగా మహిళా పైలట్లకు మాత్రం వర్తించలేదు. వాళ్ల దళానికి సైనిక హోదా లేదు. వాళ్లలో 38 మంది విధుల్లోనే చనిపోయారు. మృతదేహాన్ని ఇంటికి తెచ్చుకునే ఖర్చు కూడా కుటుంబాలే, తోటి పైలట్లే పెట్టుకున్నారు. వాళ్లకూ గుర్తింపు 1977లోనే వచ్చింది.

ఇప్పటికీ ఈ సాయానికి వెళ్లే విద్యార్థిని మొదట అడిగేది డీడీ-214 అనే కాగితం. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పత్రం అది. ఎన్ని రోజుల సర్వీసు, ఏ రకం విడుదల అన్నది అందులో ఉంటుంది. ఆ రెండు గడుల్లో ఉన్నదాన్ని బట్టే ఫీజు వస్తుందా రాదా, వస్తే ఎంత అన్నది తేలుతుంది.

హోటల్ కాగితాల మీద పుట్టిన బిల్లు

మొదటి యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుడికి ప్రభుత్వం ఇచ్చింది 60 డాలర్లు, ఇంటికి రైలు టికెట్. తర్వాత బోనస్ ఇస్తామన్నారు గానీ, దాన్ని 1945లో తీసుకోమన్నారు. ఆర్థిక మాంద్యంలో తిండికి లేక 1932లో వేల మంది మాజీ సైనికులు వాషింగ్టన్ చేరి, ఆ బోనస్ ఇప్పుడే ఇమ్మంటూ గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. జులైలో ప్రభుత్వం వాళ్ల మీదకు సైన్యాన్నే పంపింది. ట్యాంకులు, బాష్పవాయువు వాడి ఖాళీ చేయించింది.

పదేళ్లు తిరక్కుండానే మళ్లీ యుద్ధం. ఈసారి యూనిఫాం వేసుకున్నవారు దాదాపు 1.6 కోట్ల మంది. వాళ్లంతా ఒకేసారి ఇంటికొస్తే ఉద్యోగాలెక్కడివి? ఈ ప్రశ్న అందరినీ భయపెట్టింది.

అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘానికి ఒకప్పుడు అధ్యక్షుడిగా ఉన్న హ్యారీ కోల్మరీ అనే కాన్సస్ లాయర్, వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్‌లో కూర్చుని ఆ హోటల్ కాగితాల మీదే ముసాయిదా రాశారు. 1944 జనవరిలో అది సభ ముందుకొచ్చింది. ప్రతినిధుల సభలో దాన్ని ముందుకు నడిపినవారిలో ఎడిత్ ఒకరు. మాజీ సైనికుల చట్టాలు చూసే కమిటీలో రిపబ్లికన్ల తరఫున అందరికన్నా సీనియర్ ఆమే. కమిటీ చైర్మన్ మాత్రం మిసిసిపీకి చెందిన జాన్ ర్యాంకిన్. పేరుకు బిల్లు ఆయనదే. కానీ నిరుద్యోగ భృతి దగ్గర మడమ తిప్పేశారు. పని దొరికేదాకా వారానికి 20 డాలర్ల చొప్పున 52 వారాలు ఇస్తే జనం సోమరులవుతారన్నది ఆయన పైకి చెప్పిన కారణం. తన రాష్ట్రంలో ఆ డబ్బు నల్లజాతి సైనికుల చేతికి కూడా వెళుతుందన్నది ఆయన అసలు అభ్యంతరం. దాన్ని ఆయన పెద్దగా దాచుకోనూ లేదు.

సెనేట్‌లో 50-0తో, ప్రతినిధుల సభలో 387-0తో పాసైన బిల్లు, రెండు సభల తేడాలు సర్దే ఉమ్మడి కమిటీలో ఆగిపోయింది. ప్రతినిధుల సభ తరఫున ఉన్న సభ్యులు సరిగ్గా రెండుగా చీలారు. మిగిలిన ఒక్క ఓటు జార్జియాకు చెందిన జాన్ గిబ్సన్‌ది. ఆయన ఒంట్లో బాగాలేక సొంతూళ్లో ఉన్నారు. తన ఓటు వేసే అధికారాన్ని ర్యాంకిన్‌కు అప్పగించి వెళ్లారు, ర్యాంకిన్ దాన్ని వాడనన్నారు. రాత్రికి రాత్రి గిబ్సన్ ఎక్కడున్నారో వెతికి, కారులో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ చేర్చి, అక్కడి నుంచి విమానంలో వాషింగ్టన్ తెచ్చారు. 1944 జూన్ 10 ఉదయం ఆయన ఓటు పడింది, బిల్లు బతికింది. జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేస్తున్న ఫొటోలో ఆయన వెనకాల నిలబడ్డ మగవాళ్ల మధ్య ఎడిత్ కనిపిస్తారు.

ఫీజు కాలేజీకి, ఖర్చులు చేతికి

జీఐ బిల్లు అని జనం పిలిచిన ఈ చట్టం అసలు ఏమిచ్చిందో చూద్దాం. కనీసం 90 రోజులు పనిచేసి, గౌరవం పోగొట్టుకోకుండా బయటకు వచ్చినవారికి ఏడాది చదువు. దానికి తోడు ఎంతకాలం సర్వీసు చేశారో అంతకాలం. మొత్తం నాలుగేళ్లకు మించకూడదు. ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజు, పుస్తకాల ఖర్చు ప్రభుత్వం నేరుగా కాలేజీకే కట్టేది. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్‌లాగే అనుకోండి. అప్పట్లో 500 డాలర్లంటే హార్వర్డ్ ఫీజుకు కూడా సరిపోయేది.

ఇంకో సగం ఉంది, అదే ముఖ్యమైంది. విద్యార్థి చేతికి నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉంటే 75 డాలర్లు. చట్టం వచ్చిన దాదాపు ఏడాదిన్నరకే వాటిని 65, 90కి పెంచారు. తిరిగొచ్చినవారు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు కారు. చాలామందికి పెళ్లయింది, పిల్లలున్నారు. ఫీజు ఎవరు కట్టినా ఇల్లు గడవకపోతే చదువు మానేస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా హాస్టల్ ఖర్చు భరించలేక ఇంటిదారి పట్టిన పిల్లలను చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

పెద్ద యూనివర్సిటీల అధిపతుల్లో కొందరికి ఇది నచ్చలేదు. చదువంటే ఇష్టం లేనివాళ్లు కూడా డబ్బు కోసం క్లాసుల్లో చేరతారని షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు భయపడ్డారు. హార్వర్డ్ అధ్యక్షుడు కోనెంట్‌కూ అవే అనుమానాలు. తీరా చూస్తే మాజీ సైనికులే క్లాసులో ముందుండేవారు. కోనెంట్ తన మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

1947 నాటికి అమెరికా కాలేజీల్లో చేరినవారిలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. పథకం ముగిసేసరికి 78 లక్షల మంది దీనితో ఏదో ఒక చదువో శిక్షణో పొందారు. వారిలో కాలేజీలకు వెళ్లినవారు 22 లక్షలు. మిగతావారు ఐటీఐ లాంటి వృత్తి స్కూళ్లు, పనిచేస్తూ నేర్చుకునే శిక్షణలు, వ్యవసాయ శిక్షణ ఎంచుకున్నారు. అయిన ఖర్చు 1,450 కోట్ల డాలర్లు. 1947-49లో ఎడిత్ మాజీ సైనికుల వ్యవహారాల కమిటీకి చైర్‌పర్సన్‌గా ఉన్నారు. అంటే, ఈ రద్దీ పతాకస్థాయిలో ఉన్నప్పుడు పథకం మీద కాంగ్రెస్ నిఘా ఆమె చేతిలోనే ఉంది.

ఎవరికి అందలేదు?

చట్టంలో రంగు ప్రస్తావన ఎక్కడా లేదు. అయినా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికుడికి ఈ సాయం అందడం కష్టమైంది. కారణం, డబ్బు కేంద్రానిదైనా అమలు స్థానికుల చేతుల్లో పెట్టారు. ర్యాంకిన్ లాంటివారు పట్టుబట్టి సాధించుకున్న ఏర్పాటు అది. తెల్లవారి యూనివర్సిటీలు వాళ్లను చేర్చుకునేవి కావు. నల్లజాతి కాలేజీలేమో కొద్దిగానే ఉండేవి. సీట్లు లేక వేల మందిని తిప్పి పంపాయి.

ఇంకో అడ్డంకి, నీలం కాగితం మీద ఇచ్చే విడుదల పత్రం. అది గౌరవప్రదమైన విడుదలా కాదు, శిక్ష కింద గెంటేయడమూ కాదు. చట్టం మాట ప్రకారం చూస్తే వాళ్లు అనర్హులు కాకూడదు. మాజీ సైనికుల శాఖ మాత్రం చాలామందిని అనర్హులుగా తేల్చింది. ఆ నీలం కాగితాలు తమ సంఖ్యకు మించి నల్లజాతి సైనికులకు, స్వలింగ సంపర్కులన్న ముద్ర పడ్డవారికి దక్కాయి. మహిళల సంగతికొస్తే, ఎడిత్ పోరాడి తెచ్చిన హోదా ఉన్నా, ఈ డబ్బుతో కాలేజీకి వెళ్లినవారిలో వాళ్లు మూడు శాతంలోపే. ఆమె తెరిచిన తలుపులోంచి అందరూ లోపలికి వెళ్లలేకపోయారు. చట్టం గొప్పదనం చెప్పే చాలా వ్యాసాల్లో ఈ భాగం ఒక వాక్యంతో ముగిసిపోతుంది.

మోసాలూ జరిగాయి. ఫీజు నేరుగా స్కూలుకే వెళుతుందని తెలియగానే, మాజీ సైనికుల కోసమే అంటూ ప్రైవేటు శిక్షణ సంస్థలు రాత్రికి రాత్రి పుట్టుకొచ్చాయి. బెంచీలు లేవు, బోధన లేదు, బిల్లులు మాత్రం పూర్తిగా. కాంగ్రెస్ విచారణ తర్వాత, కొరియా యుద్ధంలో పనిచేసినవారి కోసం 1952లో తెచ్చిన చట్టంలో పద్ధతి మార్చేశారు. ఒంటరి విద్యార్థికి నెలకు 110 డాలర్లు చేతికే ఇచ్చి, ఫీజూ ఖర్చులూ అందులోంచే కట్టుకోమన్నారు. మోసాలు తగ్గాయి. ఖరీదైన కాలేజీలు మాత్రం మళ్లీ అందనంత దూరమయ్యాయి.

ఇప్పుడు ఎంత వస్తుంది?

ఫీజు కాలేజీకి, ఖర్చులు చేతికి అనే 1944 నాటి పద్ధతి 2009 ఆగస్టు 1న మళ్లీ వచ్చింది. 2001 సెప్టెంబరు 10 తర్వాత పనిచేసినవారికి వర్తించే పోస్ట్ 9/11 జీఐ బిల్లు ఇది. మొత్తం 36 నెలల చదువుకు, అంటే మామూలుగా నాలుగు విద్యా సంవత్సరాలకు సాయం. 90 రోజుల సర్వీసు ఉంటే 50 శాతం, 36 నెలలు ఉంటే 100 శాతం. గౌరవప్రదమైన విడుదల తప్పనిసరి.

వంద శాతం అర్హత ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో ఆ రాష్ట్రవాసులకు ఉండే ఫీజు మొత్తం కడతారు. ప్రైవేటు కాలేజీకి పరిమితి ఉంది. 2025-26లో అది ఏడాదికి సుమారు 29,900 డాలర్లు. ఏటా ఆగస్టులో సవరిస్తారు. ప్రైవేటు కాలేజీల సగటు ఫీజు 2024-25లోనే 43 వేల డాలర్లు దాటింది కాబట్టి తేడా పెద్దదే. ఆ తేడాలో కొంత కాలేజీ మాఫీ చేస్తే, అంతే మొత్తం ప్రభుత్వం కలిపే పథకం పేరు ఎల్లో రిబ్బన్. అన్ని కాలేజీలూ అందులో లేవు. ఉన్నవాటిలో కూడా కొన్ని సీట్ల సంఖ్య ముందే పెట్టేసుకుంటాయి. చేరేముందే అడగాలి.

పుస్తకాలకు ఏడాదికి వెయ్యి డాలర్ల వరకు ఇస్తారు. ఇంటి అద్దె భత్యం కాలేజీ ఉన్న ప్రాంతాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో ఎక్కువ, చిన్న ఊళ్లో తక్కువ. మొత్తం క్లాసులు ఆన్‌లైన్‌లోనే అయితే దేశ సగటులో సగమే. ఒక్క క్లాసైనా క్యాంపస్‌లో తీసుకుంటే లెక్క మారిపోతుంది. ఈ భత్యం నెల గడిచాక వస్తుంది, సెలవుల్లో రాదు. డిసెంబరు, జనవరి అద్దెకు ముందే దాచుకోకపోతే ఇబ్బందే. సెమిస్టర్ మధ్యలో సబ్జెక్టు వదిలేస్తే ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టమని నోటీసు రావచ్చు.

చాలామంది వదిలేసుకునేది ఇంకోటుంది. జీఐ బిల్లు వస్తోందిగా అని ఫాఫ్సా నింపరు. కేంద్ర విద్యార్థి సాయానికి అందరూ నింపే ఉచిత దరఖాస్తు అది. మాజీ సైనికులను అందులో స్వతంత్ర విద్యార్థులుగా చూస్తారు కాబట్టి తల్లిదండ్రుల ఆదాయం చెప్పక్కర్లేదు. జీఐ బిల్లు డబ్బును ఆదాయంగా లెక్కించరు. అర్హత ఉంటే పెల్ గ్రాంట్ కింద ఏడాదికి 7,395 డాలర్ల వరకు అదనంగా వస్తుంది, తిరిగి కట్టాల్సిన పని లేదు.

1940ల నాటి నకిలీ స్కూళ్ల బెడద ఇప్పటికీ తీరలేదు. లాభాల కోసం నడిచే కాలేజీలు తమ ఆదాయంలో కేంద్ర విద్యార్థి సాయం 90 శాతం మించకూడదన్న నియమం ఉండేది. జీఐ బిల్లు డబ్బు మాత్రం ఆ లెక్కలోకి వచ్చేది కాదు. అందుకే సైనికుల వెంట పడేవి. 2021లో చట్టం మార్చి ఆ సందు మూశారు. చేరాలనుకున్న కాలేజీ పేరును మాజీ సైనికుల శాఖ వెబ్‌సైట్‌లోని జీఐ బిల్లు పోలిక టూల్‌లో కొట్టి చూస్తే ఎంత వస్తుందో, ఆ కాలేజీ మీద ఎన్ని ఫిర్యాదులున్నాయో కనిపిస్తుంది.

మళ్లీ ఆమె పేరు

ఎడిత్ రోజర్స్ 79 ఏళ్ల వయసులో 19వ సారి ఎన్నికకు సిద్ధమవుతూ, పార్టీ ప్రైమరీకి మూడు రోజుల ముందు, 1960 సెప్టెంబరు 10న బోస్టన్‌లో న్యుమోనియాతో చనిపోయారు. భుజం మీద ఆర్కిడ్ పువ్వు పెట్టుకుని సభకు వచ్చే అలవాటు ఆమెది. మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రికి ఆమె పేరుంది.

2017లో జీఐ బిల్లుకు పెద్ద సవరణ జరిగింది. ఆ చట్టానికి హోటల్ కాగితాల మీద ముసాయిదా రాసిన కోల్మరీ పేరు పెట్టారు. 2013 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ విడుదలైనవారు 15 ఏళ్లలోపే సాయం వాడుకోవాలన్న గడువు అందులోనే పోయింది. స్టెమ్ స్కాలర్‌షిప్ కూడా అందులోనే పుట్టింది, 2019 ఆగస్టు నుంచి అమల్లో ఉంది.

సైన్స్, ఇంజినీరింగ్, కంప్యూటర్స్, కొన్ని వైద్య రంగ కోర్సులు చదివేవారి కోసం ఇది. ఈ డిగ్రీల్లో క్రెడిట్లు ఎక్కువ, నాలుగేళ్లలో పూర్తికావడం కష్టం. 36 నెలల సాయం ముందే అయిపోతుంది. ఈ స్కాలర్‌షిప్ ఇంకో తొమ్మిది నెలలు, లేదా 30 వేల డాలర్ల వరకు పొడిగిస్తుంది. డిగ్రీ కనీసం 120 సెమిస్టర్ క్రెడిట్లది అయి ఉండాలి. అందులో 60 పూర్తి చేసి ఉండాలి. జీఐ బిల్లు సాయం ఆరు నెలలు, అంతకన్నా తక్కువే మిగిలి ఉండాలి. అడిగినవారందరికీ ఇవ్వరు. క్రెడిట్లు ఎక్కువ అవసరమైన కోర్సులవారికి ముందు ఇస్తారు.

రెండు జాగ్రత్తలు. ఈ డబ్బు వాడుకుంటున్నప్పుడు ఎల్లో రిబ్బన్ వర్తించదు, కాబట్టి ఖరీదైన ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి. మామూలు జీఐ బిల్లు సాయాన్ని సర్వీసులో ఉండగానే భార్యకో భర్తకో పిల్లలకో బదిలీ చేయొచ్చు. ఆరేళ్లు పనిచేసి, ఇంకో నాలుగేళ్లు ఉంటామని ఒప్పుకుంటే చాలు. అలా బదిలీ అయిన సాయంతో చదువుతున్న కుటుంబ సభ్యులు మాత్రం ఎడిత్ పేరున్న ఈ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోలేరు.